విద్యుత్ కారు రాకకు ముందే ఇంటిలో ఛార్జింగ్ ఏర్పాట్లు

విద్యుత్ కార్ల కొనుగోలుపై ప్రజలలో ఆసక్తి నానాటికీ పెరుగుతున్నది. తెలంగాణ రాష్ట్రంలో విద్యుత్ వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుముల నుంచి పూర్తి మినహాయింపు ఇస్తూ ప్రభుత్వం జారీ చేసిన ఉత్తర్వులు 2024 నవంబరు 18 నుంచి అమలులోకి వచ్చాయి. 2026 డిసెంబరు 31 వరకు ఈ మినహాయింపు వర్తించేలా ఉత్తర్వులలో పేర్కొనడం జరిగింది. పొరుగున ఉన్న ఆంధ్రప్రదేశ్ సైతం 2024-29 కాలానికి తన విద్యుత్ వాహనాల విధానాన్ని ప్రకటించింది. అయితే కారు ధర, రాయితీ, ఒకసారి ఛార్జి చేస్తే ఎన్ని కిలోమీటర్లు నడుస్తుంది అన్న విషయాలను ఒకటికి రెండుసార్లు విచారించే కొనుగోలుదారులు, తమ ఇంటి వైరింగ్ ఆ కారును మోయగలదా అన్న ప్రశ్నను మాత్రం కారు గుమ్మం ముందుకు వచ్చిన తరువాతనే వేసుకుంటున్నారు. కారుకు బయానా చెల్లించిన నాటికీ, అది చేతికి అందే నాటికీ మధ్య లభించే వ్యవధి ఈ ఏర్పాట్లకు సరిగ్గా సరిపోతుంది. ఆ వ్యవధి దాటిన తరువాత చేసే పనులు సాధారణంగా తాత్కాలికపు పనులుగానే మిగిలిపోతాయి.

ఇంటి వద్ద సొంత కారును ఛార్జి చేసుకోవడానికి ఎటువంటి లైసెన్సు అవసరం లేదు. వాహనాల ఛార్జింగ్ అనేది విద్యుత్ విక్రయం కాదని, అదొక సేవ మాత్రమేనని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. నివాస గృహాలలోనూ, కార్యాలయాలలోనూ సొంత వాహనాలను ఛార్జి చేసుకోవచ్చునని, పంపిణీ సంస్థలు ఇందుకు వీలు కల్పించాలని ఆ తరువాత వెలువడిన మార్గదర్శకాలు సూచించాయి. కనుక ఇది అనుమతుల సమస్య కాదు. భద్రతకు, సరఫరా సామర్థ్యానికి సంబంధించిన అంశం.

గీజరుకూ కారుకూ గల తేడా

"గీజరు ప్లగ్గు ఉన్నది కదా, అదే చాలు" అన్న మాట తరచుగా వినవస్తుంది. ఈ అభిప్రాయానికి కొంత చరిత్ర కూడా ఉన్నది. బెంగళూరులో తయారై 2001లో మార్కెట్లోకి వచ్చిన రేవా కారు ఇంటిలోని 15 ఆంపియర్ల సాకెట్‌తోనే ఛార్జి అయ్యేది. అందులోనివి తక్కువ సామర్థ్యం గల లెడ్ యాసిడ్ బ్యాటరీలు. ప్రస్తుతం కుటుంబాలు కొనుగోలు చేస్తున్న కార్లలో 30 కిలోవాట్ అవర్ మొదలు 60 కిలోవాట్ అవర్ వరకు, ఆపైన కూడా, సామర్థ్యం గల లిథియం బ్యాటరీలు ఉంటున్నవి. కిలోవాట్ అవర్ అనగా మనం బిల్లులో చూసే ఒక యూనిట్ మాత్రమే.

కారుతో పాటు ఇచ్చే చిన్న ఛార్జరు సాధారణంగా 3.3 కిలోవాట్లది. ఇది 230 వోల్టుల వద్ద సుమారు 14 ఆంపియర్ల విద్యుత్తును తీసుకుంటుంది. గీజరు సైతం ఇంచుమించు 9 నుంచి 13 ఆంపియర్లు తీసుకుంటుంది. కానీ నీళ్ళు కాగగానే, అంటే పావు గంటలోనో అరగంటలోనో, గీజరు తనంత తానే ఆగిపోతుంది. కారు ఆగదు. 30 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి పూర్తిగా నిండాలంటే 3.3 కిలోవాట్ల ఛార్జరుకు దాదాపు పది గంటలు పడుతుంది. ఆ పది గంటలూ సాకెట్, ప్లగ్గు, గోడలోని తీగ, బోర్డులోని స్క్రూలు అన్నీ పూర్తి బరువును ఎడతెరిపి లేకుండా మోయవలసి ఉంటుంది. తీగలో పుట్టే వేడి విద్యుత్ ప్రవాహపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. ప్రవాహం రెట్టింపయితే వేడి నాలుగు రెట్లవుతుంది. పావు గంట వాడకంలో బయటపడని ఒక వదులు స్క్రూ, ఆరవ గంటలోనో ఏడవ గంటలోనో, ఇంటిల్లిపాదీ నిద్రించే సమయంలో, ప్లాస్టిక్‌ను కరిగించే స్థాయికి వేడెక్కగలదు. పత్రికలలో 'షార్ట్ సర్క్యూట్' అన్న ఒక్క మాటతో ముగిసే వార్తల వెనుక ఇటువంటి వదులు కలయిక ఉండే అవకాశాన్ని విలేకరులు కూడా విచారించడం మంచిది.

కాబట్టి మొదటి నియమం ఏమనగా, కారు సాకెట్‌కు మెయిన్ బోర్డు నుంచి ప్రత్యేకమైన తీగను వేయించాలి. ఆ తీగపై మరే ఇతర పాయింటు ఉండరాదు. 16 ఆంపియర్ల సాకెట్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 32 ఆంపియర్ల గోడ ఛార్జరుకు కనీసం 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయడం వాడుకలో ఉన్న పద్ధతి. మీటరు నుంచి కారు నిలిపే చోటికి దూరం ఎక్కువైతే తీగ మందాన్ని ఇంకా పెంచవలసి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్సులను, అడాప్టర్లను ఎట్టి పరిస్థితులలోనూ వాడరాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు ఛార్జింగ్ కేంద్రాలకు విధించిన షరతులలో ఇది ఒకటి. సాకెట్ నేలకు కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలని, కారును నిలిపినపుడు దాని ఛార్జింగ్ ముఖం ఛార్జింగ్ పాయింటుకు ఐదు మీటర్ల లోపున ఉండాలని కూడా అవే నిబంధనలు పేర్కొంటున్నవి. ఇంటిలోనూ ఈ కొలతలను పాటించడం శ్రేయస్కరం. ఇన్వర్టరుకు అనుసంధానించిన వైరింగ్ నుంచి కారు పాయింటును తీసుకోరాదు. ఇంటి ఇన్వర్టరు ఈ భారాన్ని మోయజాలదు.

పెద్ద ఛార్జరు అందరికీ అవసరమా

విక్రయశాలలలో 7.2 కిలోవాట్ల గోడ ఛార్జరును తీసుకోవలసిందిగా కొనుగోలుదారులకు సూచించడం కద్దు. ఇది దాదాపు 31 ఆంపియర్లు తీసుకుంటుంది. అయితే ఇంటి సరఫరాను బ్యాటరీకి తగిన విధంగా మార్చే అసలు ఛార్జరు కారు లోపలే ఉంటుంది. గోడకు బిగించేది దానికి విద్యుత్తును సురక్షితంగా అందించే పరికరం మాత్రమే. కారు లోపలి ఛార్జరు సామర్థ్యం 3.3 కిలోవాట్లయితే, గోడకు 7.2 కిలోవాట్ల పరికరం బిగించినా కారు తీసుకునేది 3.3 కిలోవాట్లే. కనుక కారు వివరాల పత్రంలో ఈ అంకెను చూసుకోకుండా పెద్ద ఛార్జరుకు ధనం వెచ్చించడం వృథా.

రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి, యూనిట్‌కు 7 కిలోమీటర్ల చొప్పున లెక్కించినా, ఆరు యూనిట్లకు మించి అవసరం ఉండదు. చిన్న ఛార్జరుతోనే ఇది రెండు గంటల పని. పగలంతా దూర ప్రయాణాలు చేసేవారికి, ఒకే ఇంట రెండు విద్యుత్ కార్లు ఉన్నవారికి మాత్రమే పెద్ద ఛార్జరు నిజంగా అక్కరకు వస్తుంది. అయినప్పటికీ తీగ వేసే సమయంలోనే కాస్త మందమైనదానిని ఎంచుకోవడం వలన భవిష్యత్తులో గోడలు పగులగొట్టే అవసరం తప్పుతుంది.

లోడు ప్రకటన

ప్రతి గృహ సర్వీసుకూ పంపిణీ సంస్థతో ఒప్పందం మేరకు ఒక నిర్ణీత లోడు ఉంటుంది. ఒక ఇంటికి 3 కిలోవాట్ల లోడు మంజూరై ఉన్నదనుకుందాం. ఏప్రిల్, మే నెలలలో రాత్రివేళ రెండు ఏసీలు నడుస్తుండగా, ఫ్రిజ్, పంకాలతో కలిసి ఆ ఇంటి వాడకం అప్పటికే ఆ హద్దుకు చేరుకుంటుంది. దానికి కారు ఛార్జరు 3.3 కిలోవాట్లు తోడైతే భారం రెట్టింపవుతుంది. తక్షణం మెయిన్ ఎంసీబీ పడిపోవచ్చు. దానిని భరించలేక పెద్ద ఎంసీబీని మార్పించేవారు లేకపోలేదు. అది రోగాన్ని వదిలి థర్మామీటరును మార్చినట్లవుతుంది. తీగను కాపాడవలసిన పరికరమే తీగ కంటే బలమైనదైతే, ఇక కాలిపోయేది తీగయే.

ఈ విషయం ఒక ఇంటితో ముగియదు. వీధి చివర స్తంభంపై ఉండే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు అనేక గృహాలకు సరఫరా అందిస్తుంది. ఆ వీధిలో పది ఇళ్లవారు 7.2 కిలోవాట్ల ఛార్జర్లను రాత్రి ఒకే సమయంలో వాడినట్లయితే, కార్ల భారమే 72 కిలోవాట్లు. దానికి పది ఇళ్ల ఏసీలు తోడు. క్షేత్రస్థాయి ఇంజనీరుకు ఈ సంగతి ముందుగా తెలిస్తే ట్రాన్స్‌ఫార్మరు సామర్థ్యాన్ని పెంచడానికో, మరొకటి ఏర్పాటు చేయడానికో ప్రతిపాదనలు పంపగలుగుతారు. తెలియని పక్షంలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిన రాత్రి మాత్రమే తెలుస్తుంది. ఆ రాత్రి చీకటిలో ఉండేవారిలో కారు లేని కుటుంబాలే ఎక్కువ. అదనపు లోడును ప్రకటించి తగిన డెవలప్‌మెంట్ ఛార్జీలను, డిపాజిట్‌ను చెల్లించడం కేవలం జరిమానా తప్పించుకునే ఉపాయంగా కాక, ఇరుగుపొరుగు పట్ల బాధ్యతగా కూడా భావించవలసి ఉన్నది.

అదనపు లోడు కొరకు, లేదా లోడు ఒక పరిమితిని దాటితే సింగిల్ ఫేజు నుంచి మూడు ఫేజులకు మార్పు కొరకు, సంబంధిత పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి. తెలంగాణలో దక్షిణ, ఉత్తర ప్రాంత పంపిణీ సంస్థలు, ఆంధ్రప్రదేశ్‌లో తూర్పు, మధ్య, దక్షిణ ప్రాంత పంపిణీ సంస్థలు ఈ సేవలను అందిస్తున్నవి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024 ఫిబ్రవరిలో చేసిన సవరణ ప్రకారం, అన్ని వివరాలతో కూడిన దరఖాస్తు అందిన నాటి నుంచి కొత్త కనెక్షను గానీ, ఉన్న కనెక్షనులో మార్పు గానీ మెట్రోపాలిటన్ ప్రాంతాలలో 3 రోజులలో, ఇతర పురపాలక ప్రాంతాలలో 7 రోజులలో, గ్రామీణ ప్రాంతాలలో 15 రోజులలో, కొండ ప్రాంతపు గ్రామాలలో 30 రోజులలో పూర్తి చేయవలసి ఉన్నది. కొత్త లైను గానీ ట్రాన్స్‌ఫార్మరు గానీ అవసరమైన చోట మరికొంత సమయం పడుతుంది. ముందుగా దరఖాస్తు చేయాలనడానికి ఇది మరొక కారణం.

వాహన ఛార్జింగ్ కొరకు ప్రత్యేక కనెక్షను కోరే హక్కును సైతం ఇదే సవరణ కల్పించింది. ఇంటి మీటరుపైనే కారును ఛార్జి చేస్తే గృహ వినియోగపు ధరలే వర్తిస్తాయి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారుకు, ఛార్జింగ్‌లో వృథా అయ్యే భాగంతో కలిపి, 160 యూనిట్ల వరకు ఖర్చవుతుందని అంచనా వేసుకోవచ్చు. గృహ ధరలు శ్లాబుల వారీగా పెరిగేవి కాబట్టి, ఈ 160 యూనిట్లు ఇంటి వాడకంపైన చేరి అధిక ధర గల శ్లాబులోకి వెళ్ళే అవకాశం ఉన్నది. విద్యుత్ నియంత్రణ మండలి వాహనాల ఛార్జింగ్‌కు నిర్ణయించిన ధర దీనికి భిన్నంగా ఉంటుంది. గడచిన పన్నెండు నెలల బిల్లులను ముందు పెట్టుకుని, అమలులో ఉన్న టారిఫ్ ఉత్తర్వుతో సరిపోల్చుకుంటే ఏది లాభమో అరగంటలో తేలిపోతుంది. తక్కువ వాడకం గల ఇంటికి ఉన్న మీటరే మేలు కావచ్చు. వేసవిలో నాలుగైదు వందల యూనిట్లు వాడే ఇంటివారు రెండవ మీటరు సంగతి ఆలోచించవచ్చు.

ఎర్తింగ్: అందరూ మరచే అంశం

ఇండ్లలో అత్యంత నిర్లక్ష్యానికి గురయ్యేది ఎర్తింగ్. ఇల్లు కట్టిన నాడు ప్రహరీ మూలన గొయ్యి తీసి, పైపు పాతి, బొగ్గు, ఉప్పు వేసి మూసివేస్తారు. పదిహేనేళ్ల తరువాత ఆ గొయ్యి ఎక్కడున్నదో ఇంటి యజమానికే తెలియదు. దానిపై టైల్సు పరచిన ఇళ్లు ఎన్నో. రాతి నేలలు గల హైదరాబాదు వంటి చోట్ల వేసవిలో భూమి ఎండిపోయి ఎర్త్ నిరోధం పెరుగుతుంది. బల్బులూ పంకాలూ ఎర్తింగ్ లేకున్నా పనిచేస్తాయి గనుక ఈ లోపం సంవత్సరాల తరబడి దాగి ఉంటుంది.

విద్యుత్ కారు ఈ లోపాన్ని మొదటి రాత్రే బయటపెడుతుంది. కారుతో వచ్చే ఛార్జరు ముందుగా ఎర్తింగ్‌ను పరీక్షించుకుంటుంది. ఎర్త్ లేకపోయినా, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి ఎక్కువగా ఉన్నా, ఎర్ర దీపం వెలిగించి ఛార్జింగ్‌ను నిరాకరిస్తుంది. కొత్త కారు చెడిపోయిందని యజమాని విక్రయశాలకు ఫోను చేసే సందర్భం ఇదే. నిజానికి చెడినది కారు కాదు, ఇంటి ఎర్తింగ్.

అత్యంత ప్రమాదకరమైన పొరపాటు ఇక్కడే జరుగుతుంది. ఛార్జరును మభ్యపెట్టడానికి సాకెట్‌లోని ఎర్త్ పిన్నును న్యూట్రల్ తీగకు కలిపివేయడం కొందరు చేసే పని. ఎర్ర దీపం ఆరిపోతుంది, ఛార్జింగ్ మొదలవుతుంది. అందరూ సంతోషిస్తారు. కానీ ఎప్పుడైనా స్తంభం వద్దనో, మీటరు వద్దనో న్యూట్రల్ తీగ తెగిపోతే, లేదా ఫేజు, న్యూట్రల్ తీగలు తారుమారైతే, 230 వోల్టుల విద్యుత్తు నేరుగా కారు లోహపు శరీరానికి చేరుతుంది. తడి నేలపై చెప్పులు లేకుండా నిలబడి కారు తలుపు తీసే వ్యక్తికి ఇది ప్రాణాంతకం. ఏ ఎలక్ట్రీషియను ఈ సలహా ఇచ్చినా దానిని తిరస్కరించాలి.

చేయవలసిన పని కష్టమైనది కాదు. లైసెన్సు పొందిన విద్యుత్ కాంట్రాక్టరు చేత ఎర్త్ నిరోధాన్ని పరికరంతో కొలిపించాలి. 5 ఓముల లోపు ఉండేలా చూడడం వాడుక. అంతకు మించితే కొత్త గొయ్యి తీయించి, అక్కడ నుంచి ఛార్జింగ్ పాయింటు వరకు విడిగా ఎర్త్ తీగను తీసుకురావాలి. గొయ్యికి నీరు పోసే గొట్టం పైకి కనిపించేలా ఉంచి, వేసవిలో క్రమం తప్పక నీరు పోయాలి. బోరు మోటారు కోసం వేయించిన ఎర్తింగ్ ఉన్నదని సరిపెట్టుకోకుండా, దానిని కూడా కొలిపించిన తరువాతనే వాడాలి.

ఎర్తింగ్‌తో పాటు ప్రాణరక్షణకు మరొక పరికరం అవసరం. దానిని వాడుకలో ఈఎల్‌సీబీ అంటున్నప్పటికీ, ప్రస్తుతం దొరుకుతున్నది ఆర్‌సీసీబీ. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే సరఫరాను నిలిపివేసేది, ఫేజుతో పాటు న్యూట్రల్‌ను కూడా తెంచేది, కనీసం 'ఏ' రకానికి చెందినది ఉండాలని భద్రతా నిబంధనలు పేర్కొంటున్నవి. మార్కెట్లో చౌకగా లభించే 'ఏసీ' రకం ఇందుకు పనికిరాదు. వాహన ఛార్జర్లలో తలెత్తే కొన్ని రకాల లీకేజీని అది గుర్తించలేదు. దుకాణంలో రకాన్ని అడిగి, పెట్టెపై ముద్రను చూసి తీసుకోవాలి. దానిపై ఉండే పరీక్ష మీటను అప్పుడప్పుడు నొక్కి చూడడం మరువరాదు.

అపార్టుమెంట్లలో

సొంత ఇళ్లలో ఈ పనులన్నీ యజమాని ఇష్టం. అపార్టుమెంట్లలో మాత్రం మీటర్లు కింది అంతస్తు ప్యానెల్ బోర్డు వద్ద, కారు సెల్లారులో, యజమాని ఐదవ అంతస్తులో ఉంటారు. ఇంటి లోపలి నుంచి తీగను కిటికీ గుండా కిందికి వేలాడదీయడం ఎంతమాత్రం తగదు. తన మీటరు నుంచే పార్కింగ్ స్థలానికి పైపులో ప్రత్యేక తీగ వేయించుకోవడం ఉత్తమ మార్గం. సంఘం ఉమ్మడి మీటరు నుంచి తీసుకుంటే నెల తిరిగేసరికి లెక్కల తగవు తప్పదు. సంఘం సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేయించుకుని, తీగలు వెళ్ళే దారిని అందరికీ ఒకేసారి నిర్ణయించుకుంటే, రెండవ కారు, మూడవ కారు వచ్చినపుడు మళ్ళీ చర్చ అవసరం ఉండదు. కొత్త భవనాలలో పార్కింగ్ సామర్థ్యంలో 20 శాతానికి ఛార్జింగ్ వసతి ఉండాలని నమూనా భవన నిర్మాణ నియమావళికి 2019లో చేసిన సవరణ సూచించింది. పాత భవనాలవారు ఈ ఏర్పాటును తామే చేసుకోవలసి ఉంటుంది.

జనరేటరు ఉన్న భవనాలలో ఒక చిక్కు ఉన్నది. జనరేటరు న్యూట్రల్‌ను సరిగా ఎర్త్ చేయని చోట కరెంటు పోయినపుడు ఛార్జరు పనిచేయదు. ఆ పాయింటును జనరేటరు సరఫరా నుంచి పూర్తిగా మినహాయించడమే మేలు.

సెల్లారులోని సాకెట్ ఎత్తు విషయంలో రాజీ పడరాదు. 2020 అక్టోబరులో హైదరాబాదులో కురిసిన భారీ వర్షాలకు, 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తినపుడు, సెల్లారులలోకి నీరు చేరిన దృశ్యాలు ప్రజలకు గుర్తుండే ఉంటాయి. నీరు చేరే అలవాటున్న సెల్లారులలో 800 మిల్లీమీటర్లు కూడా చాలదు. ఆ సాకెట్ సరఫరాను నిలిపివేసే స్విచ్చు పై అంతస్తులో, నీరు చేరని చోట ఉండాలి. కారు నీటిలో మునిగిన పక్షంలో కంపెనీ సిబ్బంది పరీక్షించే వరకు దానిని ఛార్జింగ్‌కు పెట్టరాదు.

ఇంటి పైకప్పుపై సౌర ఫలకాలు ఏర్పాటు చేసుకునే ఆలోచన ఉన్నవారు ఆ పనిని కూడా ఇదే సమయంలో కలిపి చేయించుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పీఎం సూర్య ఘర్ పథకం కింద 3 కిలోవాట్లు, అంతకు మించిన గృహ యూనిట్లకు 78 వేల రూపాయల కేంద్ర రాయితీని ప్రకటించారు. పగలు ఉత్పత్తి అయ్యే విద్యుత్తు నెట్ మీటరింగ్ ద్వారా రాత్రి కారు వాడకానికి సర్దుబాటు కావడం ఇందులోని సౌలభ్యం.

పని పూర్తయిన తరువాత కాంట్రాక్టరు నుంచి పరీక్షా నివేదికను రాతపూర్వకంగా తీసుకుని భద్రపరచుకోవాలి. కారు వచ్చిన మొదటి రోజున పగటిపూట ఛార్జింగ్ మొదలుపెట్టి, గంట తరువాత సరఫరా ఆపి, ప్లగ్గును తీసి తాకి చూడాలి. గోరువెచ్చగా ఉండడం సహజం. చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా, రంగు మారినా సాకెట్‌ను మార్పించి, స్క్రూలను బిగింపజేసిన తరువాతనే మళ్ళీ వాడాలి. ఆ తరువాత రోజువారీ ఛార్జింగ్‌ను సాయంత్రం దీపాలు వెలిగే వేళ కాక, రాత్రి పదకొండు గంటల తరువాత ప్రారంభమయ్యేలా కారులోనే సమయాన్ని అమర్చుకుంటే ట్రాన్స్‌ఫార్మరుపై ఒత్తిడి తగ్గుతుంది.

సరఫరాలో అంతరాయం, స్తంభం వద్ద నిప్పురవ్వలు, తెగిన తీగల వంటి వాటిపై వినియోగదారులు 1912 నంబరుకు ఫోను చేయవచ్చును. లోడు పెంపు లేదా ప్రత్యేక కనెక్షను దరఖాస్తు గడువులోగా పరిష్కారం కానట్లయితే పంపిణీ సంస్థలోని వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు, అక్కడ సంతృప్తి కలగని పక్షంలో విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వినతి చేసుకునే అవకాశం కలదు. దరఖాస్తు సంఖ్య, చెల్లింపు రసీదు ఇందుకు ఆధారాలుగా పనికివస్తాయి.